వీపుకు వీపు

ఆ రోజు పొద్దున యోగా క్లాసు అయ్యాక రుక్మా మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగింది. పాఠం చెప్పిన గోదాంబరి కళ్ళారా చూసింది. తర్వాత గురుపూర్ణిమ దాకా ఆమె పట్టుకు వేలాడింది ఆ ఒక్క దృశ్యాన్నే.

రిషీకేశ్‌లో వాన వదలడం లేదు. గంగ మట్టిరంగు తిరిగి ఘాట్ మెట్లను ఒక్కొక్కటే మింగుతూ పైకొస్తోంది. అభేద కుటీరం ఆశ్రమంలో ఏదీ ఆరడం లేదు. దుప్పట్లు, పంచెలు, గోడలకు కొట్టిన సున్నం, ఏవీ. ఆ మధ్యాహ్నం గోదాంబరి కింది వరండాలో చతికిలబడి యోగా మ్యాట్లను పొడిగుడ్డతో తుడుస్తోంది. పై హాల్లో కోర్సు ప్రచారానికి వీడియో తీస్తున్నారు. ఆచార్య శిఖర్ గొంతు మెట్లమీదుగా కిందికి వినిపిస్తోంది.

"నొప్పి శరీరానిది. నువ్వు శరీరానివి కాదు. ఆ భ్రమ వదిలెయ్. ఊఁ... ఇంకా... ఇంకా కిందికి..."

గోదాంబరి చేతిలో గుడ్డ ఆగిపోయింది. 'ఇంకా' అన్న మాట ఆమెకు పడదు. ఇన్నేళ్ళ పాఠంలో ఆ మాట ఆమె ఒక్కసారీ వాడలేదు.

అంతలో అరుపు. పూర్తిగా బయటికి రాకముందే ఎవరో మింగేసిన అరుపు.

మ్యాటు విసిరేసి పరిగెత్తింది. హాలు గుమ్మంలో ఆశ్రమం మేనేజర్ ఉనియాల్ రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఏం లేదు, ఏం లేదు. పిల్లకి తిమ్మిరెక్కింది. గోల చెయ్యకు, మహారాజ్ జీ మౌనవ్రతంలో ఉన్నారు."

అతని భుజం మీదుగా చూసింది. రుక్మా ఒక పక్కకు ఒరిగి, కుడి తొడను రెండు చేతులతో పట్టుకుని వణుకుతోంది. కెమెరా కుర్రవాడు హడావిడిగా స్టాండు మడుస్తున్నాడు. శిఖర్ మోకాళ్ళమీద కూర్చుని పిల్ల తల నిమురుతున్నాడు.

"సాక్షిగా చూడు రుక్మా. నొప్పిని సాక్షిగా చూడు."

"ముందు ఐసు పెట్టండి!" గోదాంబరి గుమ్మంలోంచే కేకేసింది. "సాక్షి తర్వాత చూసుకుంటుంది!"

ఉనియాల్ తలుపు మూసేశాడు.

సాయంత్రం త్రివేణి ఘాట్‌కేసి హారతి జనం పోతుండగా ఆఫీసు గది నుంచి పిలుపొచ్చింది. ఉనియాల్ టేబుల్ వెనక ఉన్నాడు. శిఖర్ కిటికీకి ఆనుకుని వాన చూస్తున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. చేతులమీద నిలబడి నడవగలడు. అతని ఫొటో ఊళ్ళో సగం గోడలమీద ఉంది.

"కూర్చో గోదాంబరీ. టీ తాగుతావా?"

ఉనియాల్ తనంతట తాను టీ ఇస్తానన్నాడంటే కొంప మునిగిందన్నమాటే. ఆమె నిలబడే ఉంది.

"పిల్లకి తొడ లోపలి కండరం చిరిగిందట. నెలల తరబడి మంచం దిగకూడదన్నాడు డాక్టరు."

"ఎలా చిరిగింది?"

"అదే నిన్ను అడుగుదామని. పొద్దున నీ క్లాసులోనే పట్టేసిందట. పై హాలుకి వచ్చేసరికే కుంటుతోందట."

"ఎవరన్నారు?"

"రుక్మాయే అంది."

గోదాంబరి పొద్దున ఆ పిల్ల వీపు తన వీపుకి ఆనించి కూర్చోబెట్టింది. ఆమె పద్ధతి అదే. బిగుసుకుపోయిన శిష్యుల్ని ఆమె తొయ్యదు, లాగదు. వెనక్కి తిరిగి వీపుకు వీపు ఆనించి కూర్చుంటుంది, అంతే. తన ఊపిరి మెల్లగా వదులుతుంది. కాసేపటికి అవతలి వీపు కూడా అదే జోరులో వదలడం మొదలెడుతుంది. ఆ తర్వాత కీళ్ళు వాటంతటవే దిగుతాయి. చూసేవాళ్ళకి ఇద్దరు ఆడవాళ్ళు అలిగి కూర్చున్నట్టుంటుంది. ఫొటోలకి పనికిరాని పద్ధతి.

"అది మెట్లు దూకుతూ దిగింది, ఉనియాల్ జీ. నేను చూశాను."

"నువ్వు కాక ఇంకెవరైనా చూశారా?"

ఉనియాల్ గొంతు తగ్గించాడు.

"చూడు, పూర్ణిమ రోజు ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. మన కోర్సుకి గుర్తింపు ఇచ్చేది వాళ్ళే. ఈ ఊళ్ళో రెండు వంతెనల మధ్య దాగే మాట ఏదీ లేదు. వాళ్ళ చెవిన పడకముందే మనమే చెప్పేస్తే మంచిది. పాత టీచరు, పాత పద్ధతి, చిన్న పొరపాటు. సభలో లేచి ఒక్క మాట అనెయ్, చాలు."

"అన్నాక?"

"చెయ్యి వెయ్యకుండా ప్రాణాయామం చెప్పుకో. నీ గది నీకే ఉంటుంది. అనకపోతే మాత్రం... పూర్ణిమ దాటితే గంగనీళ్ళకి కాఁవడి యాత్రికులు దిగుతారు. గదులన్నీ కావాలి మరి."

చెయ్యి వెయ్యకుండా. గోదాంబరి తన అరచేతులకేసి చూసుకుంది. ఆ ఒక్క మాట అంటే చాలు, ఈ ఊళ్ళో ఇంకెవరూ ఆమెను తమ ఒంటిమీద చెయ్యి వెయ్యనివ్వరు. ఇక్కడే కాదు, ఉత్తరకాశీ దాకా పాకుతుంది ఆ కబురు.

శిఖర్ కిటికీ దగ్గర్నుంచి తిరిగాడు. మొహంలో దయ ఉట్టిపడుతోంది. "దీదీ, ఇంతకాలం మహారాజ్ జీ పాఠం విన్నారు. కర్త అనేవాడు ఎక్కడున్నాడు చెప్పండి? చేసింది మీరూ కాదు, నేనూ కాదు. జరిగింది, అంతే. ఇందులో నింద ఎవరికి అంటుతుంది? ఆత్మకి అంటదు కదా?"

"అంటదంటావా?"

"అంటదు దీదీ."

"మరింకేం, నేనే చేశానని నువ్వే చెప్పెయ్యొచ్చుగా శిఖర్."

శిఖర్ నవ్వాడు. కాకపోతే ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది. "మీరు భలే మాట్లాడతారు."

"మహారాజ్ జీకి తెలుసా ఈ సంగతి?" ఆమె ఉనియాల్‌ని అడిగింది.

"చెప్పకుండా ఉంటానా? వారూ అదే అన్నారు."

"మౌనంలో ఉన్నారు కదా?"

"చెయ్యి ఊపారు."

"ఎటు?"

"ఎటేమిటి?" ఉనియాల్ కసిరాడు. "ఊపారు! నాకు అర్థమైంది. చాలదా?"

మర్నాడు వేణ్ణీళ్ళ సీసా పట్టుకుని డార్మిటరీకి వెళ్ళింది గోదాంబరి. రుక్మా గోడవైపు తిరిగి పడుకుంది. చమోలీ కొండల్లో ఎక్కడో బస్సు కూడా పోని ఊరు ఆ పిల్లది. టీచరు సర్టిఫికెట్టు చేతికొస్తే సొంత ఊళ్ళో క్లాసు పెడతానని, మొదటి రోజు పాఠం చెప్పడానికి నువ్వే రావాలి దీదీ అని, రోజూ వెంటపడేది. ఇప్పుడు మొహం ఇటు తిప్పడం లేదు.

"కాలు కాస్త పైకి పెట్టు. కాపడం పెడతాను. నిన్న ఐసు పెట్టారా లేదా?"

"పెట్టారు."

"తిన్నావా?"

"ఊఁ."

పైజమా తొడమీదికి జరిపింది. జరిపిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

రెండు తొడలమీదా రెండు నల్లటి మచ్చలు. అరచేతి మచ్చలు కావవి. గుండ్రంగా, బరువుగా, లోతుగా దిగిన మడమలు. బద్ధకోణాసనంలో, అరికాళ్ళు రెండూ కలిపి మోకాళ్ళు రెక్కల్లా చాచి కూర్చున్న పిల్ల తొడలమీద ఎవరో నిలబడ్డారు. నిలబడి 'ఇంకా' అన్నారు.

గోదాంబరి సీసాకి గుడ్డ చుట్టి మెల్లగా ఆనించింది. రుక్మా భుజాలు కదలడం మొదలయ్యాయి.

"నన్నేం అడగొద్దు దీదీ. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అడగలేదుగా."

"నిజం చెబితే సర్టిఫికెట్టు ఇవ్వరట. రెండేళ్ళు దీదీ. మా అమ్మ ఆవుని కూడా అమ్మి..."

"అడగలేదన్నానా లేదా? పడుకో."

బయటికొచ్చి లెక్క వేసుకుంది. ఆ మచ్చలు సభలో చూపిస్తే తను బయటపడుతుంది. పిల్ల మునుగుతుంది. నోరు మూసుకుంటే పిల్ల బయటపడుతుంది, తను మునుగుతుంది. శిఖర్ మాత్రం రెండు లెక్కల్లోనూ ఒడ్డునే ఉన్నాడు.

అడుగులు వాటంతటవే పై వరండాకి తీసుకెళ్ళాయి. స్వామి పూర్ణబోధగిరి అక్కడే కూర్చుంటారు, గంగకి ఎదురుగా, కుర్చీలో. అందరికీ ఆయన మహారాజ్ జీ. ఒకప్పుడు పద్మాసనం కదలకుండా పొద్దు వాలేదాకా అద్వైతం చెప్పినవారు. కిందటేటికి ముందటేడు చలికాలంలో మోకాళ్ళు బిగుసుకుపోయాయి. అప్పట్నుంచీ కుర్చీ. బజార్లో పోకిరీలు 'కుర్సీ వాలే బాబా' అంటారని ఆయనకీ తెలుసు.

కుర్చీకి కాస్త దూరంలో నేలమీద జేగురు గీత ఉంది. ఆడవాళ్ళు అక్కడే ఆగాలి. మహారాజ్ జీ పాదాలకు మొక్కాలన్నా ఆడవాళ్ళు ఆయన పావుకోళ్ళకే మొక్కాలి. ఆయన గురువుగారి నాటి నుంచి ఉన్న కట్టుబాటు అది. దాన్ని చెరగనివ్వని పూచీ మాత్రం ఉనియాల్‌ది. ప్రతి పండక్కీ కొత్తగా పూయిస్తాడు.

గోదాంబరి గీత దగ్గర ఆగింది.

"మహారాజ్ జీ, రెండు లేవని మీరు చెప్పారు. అయితే ఆ పిల్ల కాలు ఎవరిది?"

ఆయన ఆమెను చూశారు. చెయ్యి ఊపలేదు. కనుబొమ కదపలేదు. చాలాసేపు అలా చూసి, వంగి, తన కుడి కాలి మడమను రెండు చేతులతో పట్టుకుని పైకి మడవబోయారు. మోకాలు రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. నొప్పికి పెదవి బిగించారు. మెల్లగా కాలు కిందికి దించేసి గంగకేసి తిరిగారు.

ఆ సైగకి అర్థం ఆమెకు తెలియలేదు. 'నాకు చేతకాదు' అన్నారేమో అనుకుంది. దిగులుగా మెట్లు దిగింది.

పూర్ణిమకి ముందురోజు వంటింట్లో పిండి వంటలు మొదలయ్యాయి. వంటమనిషి బచన్ సింగ్ ఉలవల పప్పు కుండ పొయ్యెక్కించి, నడుం పట్టుకుని, మూలుగుతూ పీటమీద కూలబడ్డాడు.

"భులీ, చెల్లెమ్మా, రేపు నువ్వు తప్పు ఒప్పుకుంటున్నావట? ఆ లోపల నా నడుం ఒకసారి చూసిపో. ఎల్లుండి నుంచి నీ చేతులకి సెలవట కదా."

"నీకెవరు చెప్పారు భైజీ?"

"పాలవాడు చెప్పాడు. వాడికి పూలవాడు చెప్పాడు." బచన్ సింగ్ గరిటె ఊపాడు. "నేనైతే సభలో ఆ శిఖర్ పిలకపట్టుకుని... వాడికి పిలక లేదనుకో. అదీ ఒక లోపమే."

"వీడియో ఉంది కదా అనుకున్నాను మొదట."

"ఆ కెమెరావాడు నిన్న మధ్యాహ్నమే డెహ్రాడూన్ బస్సెక్కాడు. తీసింది మొత్తం ఉనియాల్ చెరిపించాకే ఎక్కనిచ్చాడు. నేనే పరోటాలు కట్టిచ్చాను వెధవకి."

గోదాంబరి నవ్వాపుకుంటూ అతని వెనక్కి వెళ్ళి కూర్చుంది. వీపుకు వీపు ఆనించింది. పొయ్యి వేడికి కాగిన అతని వీపు రొట్టెల పెనంలా ఉంది. పప్పు గుబగుబమంటోంది. ఆమె ఊపిరి మెల్లగా వదులుదామనుకుంది. ఈసారి రాలేదు. ఎంత వదిలినా లోపల ఏదో దడదడలాడుతోంది.

కాసేపటికి బచన్ సింగ్ అన్నాడు, "గుండె తెగ కొట్టుకుంటోంది భులీ. నాకేదో రోగమొచ్చినట్టుంది."

"నీది కాదు భైజీ. నాదే. భయమేస్తోంది."

"అలాగా!" అతను నిట్టూర్చాడు. "నాదేమో అనుకున్నాను."

గోదాంబరి కదలకుండా ఉండిపోయింది.

నాదేమో అనుకున్నాను. మహారాజ్ జీ ఏళ్ళ తరబడి సంస్కృతంలో చెప్పింది ఈ పొగ వంటింట్లో ఒక్క ముక్కలో దొరికింది. రుక్మా నోట అబద్ధం చెప్పించిన భయం, తన గుండె దడదడలాడిస్తున్న భయం, రెండు కావు. ఒకే వణుకు రెండు వీపుల్లో కొట్టుకుంటోంది. అలాంటప్పుడు పిల్లను బయట పెట్టి తను బతకడమనేది కుదరదు. తను మునిగి పిల్లను బతికించడమూ కుదరదు. నిలబడితే ఇద్దరూ నిలబడాలి.

ఇంకో సంగతి కూడా తట్టింది. చేతులమీద నడిచే శిఖర్ బద్ధకోణాసనం ఎప్పుడూ తను వేసి చూపించడు. ఆ ఆసనం వచ్చినప్పుడల్లా రుక్మాని పిలుస్తాడు. ఎందుకు?

ఎందుకో ఆమెకు తెలుసు. ఎన్నో తుంటి కీళ్ళు చూసిన కన్ను అది.

"భైజీ, రేపు పూరీలు కాస్త ఆలస్యంగా వెయ్యి," అంటూ లేచింది.

గురుపూర్ణిమనాడు తెల్లారకముందే హాలు నిండింది. బయట వాన దంచుతోంది. ఉనియాల్ పండగ పూట అన్నీ కొత్తగా ఉండాలని వేదిక ముందు జేగురు గీత కూడా తెల్లవారుజామునే పూయించాడు. ఈ ముసురులో అది ఆరలేదు. ఆడవాళ్ళు పాదం తగలకుండా చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, గీత ఇవతల నుంచే పావుకోళ్ళమీద పూలు వేసి తప్పుకుంటున్నారు. వేదికమీద కుర్చీలో మహారాజ్ జీ. ముందు వరసలో ఢిల్లీ కమిటీ. వాళ్ళ పెద్ద ఒక నెరిసిన జుట్టావిడ, అందరూ భల్లా మేడమ్ అంటున్నారు. గోడవారగా పరుపుమీద రుక్మాని పడుకోబెట్టారు, దయ కనబడేట్టు.

పూజ అయింది. ఉనియాల్ మైకు అందుకున్నాడు. ఆశ్రమం క్రమశిక్షణ గురించి, పారదర్శకత గురించి మాట్లాడి, గొంతు బరువు చేసుకుని అన్నాడు.

"ఒక చిన్న పొరపాటు జరిగింది. దాచడం మా సంప్రదాయం కాదు. మా సీనియర్ టీచర్ గోదాంబరి పన్వార్ స్వయంగా చెబుతారు."

గోదాంబరి లేచింది. చంకలో చుట్టిన మ్యాటు ఉంది. గీత ఇవతల నేలమీద పరిచింది.

"రుక్మా ఒంటికి దెబ్బ తగిలింది. అది నా క్లాసులో తగిలిందంటున్నారు. సరే. ఒప్పుకునే ముందు ఏం చేశానో మీరంతా చూడాలి కదా. చూడకుండా ఒప్పుకుంటే అది నాటకం అవుతుంది." మైకు లేకపోయినా గొంతు హాలు చివరిదాకా పోయింది. "ఆచార్య జీ, ఒకసారి వచ్చి ఇక్కడ కూర్చోండి. బద్ధకోణాసనం."

శిఖర్ ఉనియాల్ వైపు చూశాడు. "ఇప్పుడా? ఇది సమయం కాదు దీదీ..."

"బాగుంటుంది, చూపించండి," అంది భల్లా మేడమ్.

తప్పలేదు. శిఖర్ వచ్చి కూర్చున్నాడు. అరికాళ్ళు కలిపాడు. మోకాళ్ళు నేలకు దిగలేదు. ఛాతీ ఎత్తుకి లేచి, గాలిలో నిలబడిపోయాయి. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇప్పుడు మీ తొడలమీద నేను ఎక్కి నిలబడతాను," అంది గోదాంబరి ప్రశాంతంగా. "మడమలు గట్టిగా దించుతాను. మోకాళ్ళు నేలకు తగిలేదాకా. మీరు శరీరం కాదు కదా, భయం లేదు."

ఆమె కుడి పాదం ఎత్తింది. ఎత్తిందంతే.

శిఖర్ చేతులు రెండూ చటుక్కున తొడలమీదికి వచ్చేశాయి. "వద్దు! చిరుగుతుంది!"



గోదాంబరి పాదం దించేసింది. "చిరుగుతుంది," అంది. "భయపడటంలో తప్పులేదు ఆచార్య జీ. భయపడాల్సిన పనే అది. ఆ పని నేను ఇన్నేళ్ళలో ఎవరికీ చెయ్యలేదు. చెయ్యని పని ఒప్పుకోను. నేను చెప్పాల్సింది అంతే."

రుక్మా పేరు ఎత్తలేదు. మచ్చల మాట ఎత్తలేదు. శిఖర్ లేచి పక్కకి తప్పుకున్నాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు.

ఉనియాల్ మైకులో దగ్గాడు. "మహారాజ్ జీ సన్నిధిలో ఇలాంటి సవాళ్ళు తగవు. ఈ పద్ధతుల వల్లే కదా ప్రమాదాలు! ఈమె చేతులు..."

అక్కడ ఆగిపోయాడు. హాలంతా అతని వెనక్కి చూస్తోంది.

మహారాజ్ జీ లేచారు. కుర్చీ చేతులు పట్టుకుని, ఒక మోకాలు, తర్వాత రెండోది, బరువుగా వేదిక దిగారు. పట్టుకోబోయిన ఉనియాల్‌ని కంటితోనే ఆపారు. నడుస్తూ వచ్చి, పచ్చిగా ఉన్న జేగురు గీతమీద నేరుగా అడుగువేశారు. ఇవతలికొచ్చారు. తెల్లని నేలమీద ఎర్రని పాదం ముద్ర. ఇంకోటి. ఇంకోటి. గోదాంబరి మ్యాటు దాకా.

ఆడవాళ్ళు ఒక్కసారిగా వెనక్కి జరిగారు, ఆయనకు తగులుతామని. గోదాంబరి కూడా జరగబోయింది. ఆయన నేలమీద చెయ్యి ఆనించి, మెల్లగా, అందరూ చూస్తుండగా మ్యాటుమీద కూర్చున్నారు. అరికాళ్ళు దగ్గరికి తెచ్చుకున్నారు. మోకాళ్ళు గాలిలో. శిఖర్‌వి ఎలా నిలిచాయో అలాగే. తర్వాత ఆమెకు వీపు పెట్టి, నిటారుగా, ఎదురుచూస్తూ ఉండిపోయారు.

అప్పుడు అర్థమైంది ఆమెకు, మొన్న వరండాలో ఆయన ఏమన్నారో. ఆ కాలు నాది అన్నారు.

బచన్ సింగ్ ఎక్కడినుంచో రెండు దుప్పట్లు విసిరాడు. ఆమె వాటిని మడిచి ఆయన మోకాళ్ళ కింద, గాలి దూరకుండా సర్దింది. ఒక సన్యాసి ఒంటికి ఇంత దగ్గరగా ఆమె చెయ్యి ఎప్పుడూ రాలేదు. కళ్ళు మూసుకుని వెనక్కి తిరిగి కూర్చుంది. వీపుకు వీపు ఆనించింది.

ఎండిన కర్రలా ఉంది ఆ వీపు. వెన్నుపూసలు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి. మొదట రెండు ఊపిరులూ వేర్వేరుగా నడిచాయి, ఒకటి పొడుగ్గా, ఒకటి కంగారుగా. కంగారుది తనదే. హాల్లో వినబడేది వాన ఒక్కటే. ఆమె వదిలింది. ఆయన వదిలారు. ఎప్పుడు కలిశాయో తెలియలేదు. కాసేపటికి వీపు ఎక్కడ ముగిసి వీపు ఎక్కడ మొదలైందో వెతికినా దొరకలేదు. దుప్పటి మడత కాస్త నలిగిన చప్పుడైంది. ఆయన మోకాళ్ళు దిగాయి. నేల దాకా ఏం కాదు, ఒక బెత్తెడు. చాలు. రెండు చలికాలాల తర్వాత మహారాజ్ జీ నేలమీద కూర్చున్నారు.

ఆయన మొహంలో నవ్వు విచ్చుకుంది. ముందు వరసలో ఒక ముసలావిడ ఏడ్చేసింది.

ఉనియాల్ తేరుకుని మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "మహారాజ్ జీ సెలవిచ్చేదేమంటే..."

మహారాజ్ జీ అతని వైపు తిరిగి పెదవులమీద వేలు పెట్టుకున్నారు. హాలు ఘొల్లుమంది. ఆ సైగకి అర్థం చెప్పడానికి ఎవరూ అక్కర్లేకపోయింది.

ఆ నవ్వుల మధ్య గోడవార నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"దీదీ ఎక్కలేదు."

రుక్మా మోచేతిమీద లేచి కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది. "నేను అబద్ధం చెప్పాను. దీదీ నన్ను ఎప్పుడూ తొక్కలేదు. నా తొడలమీద ఎక్కింది ఆచార్య జీ. నొప్పి అన్నాను. వీడియో ఆగిపోతుందని దిగలేదు. సర్టిఫికెట్టు ఇవ్వకపోతే ఇవ్వకండి."

భల్లా మేడమ్ శిఖర్ వైపు తిరిగింది. "నిజమేనా?"

శిఖర్ నోరు తెరిచాడు. "చూడండి... తత్వపరంగా చూస్తే చేసేవాడు ఎవరనేది..."

"ఎవరో తొందరగా తేల్చు బాబూ!" వెనక నుంచి బచన్ సింగ్ కేక. "నూనె కాగిపోతోంది!"

ఈసారి నవ్వు చాలాసేపు ఆగలేదు. శిఖర్ తల వంచుకుని తడి గీత పక్కనుంచి, పాదం ముద్రలు తొక్కకుండా చూసుకుంటూ బయటికెళ్ళిపోయాడు. భల్లా మేడమ్ లేచి మేజోళ్ళు విప్పేసి, పక్కనున్న తన కమిటీ మనిషితో, "రండి, మనమూ అలా కూర్చుందాం. నా నడుం ఢిల్లీ నుంచి చంపుతోంది," అంది. ఒకరిని చూసి ఒకరు మొదలెట్టారు. గీత అవతలివాళ్ళు ఇవతలికి, ఇవతలివాళ్ళు అవతలికి. పూరీలు వేగేసరికి హాలంతా వీపుకు వీపు ఆనించి కూర్చుంది. గీత ఎక్కడుందో ఎవరికీ కనబడలేదు. అందరి పాదాలూ ఎర్రగా ఉన్నాయి.

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. కాఁవడులు భుజాన వేసుకున్న యాత్రికుల బోల్ బమ్ కేకలు వంతెనమీదుగా వినబడుతున్నాయి. గోదాంబరి క్లాసుకి వచ్చేసరికి ఉనియాల్ గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కోర్సు చెప్పేది మీరైతేనే గుర్తింపు అన్నారు భల్లా మేడమ్. రుక్మా సర్టిఫికెట్టుకి ఇబ్బందేం లేదు. అల్లం వేయించాను."

గోదాంబరి టీ తీసుకుంది. 'నువ్వు' ఒక్క రాత్రిలో 'మీరు' అయింది. ఆమె ఆ సంగతి పట్టించుకోనట్టే తాగింది.

లోపల మొదటి వరసలో మహారాజ్ జీ కుర్చీ ఉంది. అందులో రుక్మా, కాలు పీటమీద చాపుకుని, మొహం వెలిగిపోతూ. కుర్చీ యజమాని ఆఖరి వరసలో నేలమీద, దుప్పట్లమీద మోకాళ్ళు వాల్చుకుని కూర్చుని ఉన్నారు, కొత్తగా చేరిన శిష్యుడిలా.

గుమ్మంలో నీడ పడింది. శిఖర్. కళ్ళు వాచి ఉన్నాయి. లోపలికి రాలేక, పోలేక తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"దీదీ, నేను..."

"నాకు కాదు," అంది గోదాంబరి. "ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళు."

వెళ్ళాడు. అందరూ వింటున్నారని తెలిసే నిలబడ్డాడు. ఈసారి మాత్రం నాలుగే ముక్కలు అన్నాడు. అతని దగ్గర ఎప్పుడూ మాటలకు కొదవ ఉండేది కాదు.

"ఎక్కింది నేనే రుక్మా. నొప్పి అన్నావు. విన్నాను. దిగలేదు."

రుక్మా అతన్ని తేరిపార చూసింది. "విన్నారా? వినబడలేదేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ."

ఆ మాటకి అతను ముడుచుకుపోయాడు. రుక్మా క్షమించానని అనలేదు, పొమ్మనీ అనలేదు. కిటికీకేసి తిరిగింది.

క్లాసు మొదలైంది. అందరికీ జత కుదిరింది. శిఖర్ ఒక్కడే మిగిలాడు, హాలు మధ్యలో, చేతులు ఏం చేసుకోవాలో తెలియకుండా. గోదాంబరి తన మ్యాటు తెచ్చి పరిచింది. దానిమీద ఎర్రటి పాదం ముద్రలు అలాగే ఉన్నాయి. ఆమె తుడవలేదు.

"కూర్చో," అంది.

అతను కూర్చున్నాడు. ఆమె వెనక్కి తిరిగి వీపు ఆనించి, కళ్ళు మూసుకుంది. ఎక్కడో ఒక గుండె దడదడా కొట్టుకుంటోంది.

తనదేమో అనుకుంది.